మొగ్గు ఎవరి వైపు? జూదం లెక్కల మీద రేడియో కార్యక్రమం ఎలా నడపాలి

స్టూడియో, మైకు, పేరు, పాట వీటన్నిటికంటే ముందు ఒక వాక్యం రాసుకోండి. పందెం కాసేవాడికీ కాయించేవాడికీ మధ్య మొగ్గు ఎవరి వైపు ఉంది, ఎంత ఉంది, దాన్ని లెక్క కట్టడం ఎలాగో శ్రోతకు చెవితోనే అర్థమయ్యేలా చెప్పే అరగంట ఇది. ఈ వాక్యాన్ని కాగితం మీద రాసి బల్లకు అంటించుకోండి. కార్యక్రమం ఎప్పుడు దారి తప్పినా దీని దగ్గరికే వెనక్కి రావాలి.

అమెరికాలో ఇలాంటి కార్యక్రమాలు నడిచాయి. బ్లాక్‌జాక్ అనే కాసినో పేకాటలో పడిన ముక్కల్ని మనసులో లెక్క పెట్టుకునేవాళ్లు, వీడియో పోకర్ యంత్రాల చెల్లింపు పట్టికలు చదివేవాళ్లు, గుర్రప్పందేలకు గణితం వాడేవాళ్లు వచ్చి గంట సేపు మాట్లాడేవారు. వాళ్ల ఊళ్లో కాసినో చట్టబద్ధం కాబట్టి "ఎలా గెలవాలి" అన్న ప్రశ్న అక్కడ సూటిగా వేయొచ్చు. విజయవాడలోనో గుంటూరులోనో కూర్చుని అదే ప్రశ్న అదే తీరులో వేయలేం. ఇక్కడ చట్టం వేరు. శ్రోత కూడా వేరు: ఆ పూట రేడియో వింటున్నవాళ్లలో బెట్టింగ్ యాప్‌లో జీతం పోగొట్టుకున్న కుర్రాడు ఉంటాడు, ఆ కుర్రాడి తల్లీ ఉంటుంది. ఇద్దరికీ పనికొచ్చే మాట చెప్పడం సాధ్యమేనని నా గట్టి నమ్మకం. ఎలాగో చూద్దాం.

ముందు చట్టం

స్క్రిప్టు మొదలుపెట్టకముందే ఒక న్యాయవాది దగ్గర ఓ పూట కూర్చోండి. ఈ సంగతులు తెలుసుకుని వెళ్తే ఆయనకూ మీకూ సమయం కలిసొస్తుంది.

మన రాష్ట్రంలో జూదానికి వర్తించేది 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం. 2020లో దాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే రమ్మీ, పోకర్ లాంటివాటినీ నిషేధం కిందికి తెచ్చారు. "రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది కదండీ" అని మీకు ఫోన్ చేసేవాళ్లు తప్పకుండా ఉంటారు. చెప్పిన మాట నిజమే. 1968లో, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో చెప్పింది. ఆ తీర్పే మూడు ముక్కలాటను పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆటగా విడిగా ఉంచింది. ఆట మీద క్లబ్బు లాభం తీస్తే అది నేరం కావచ్చని కూడా చెప్పింది. ఈ సగం మాట మన పేకాట క్లబ్బుల చుట్టూ తిరిగే కబుర్లలో ఎప్పుడూ వినపడదు. మీ కార్యక్రమంలో వినపడాలి.

2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఇంకా దూరం వెళ్లింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. మీకు నేరుగా తగిలేది అందులో ప్రకటనల భాగం. అలాంటి ఆటకు ప్రచారం చేసినవాళ్లకు రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ప్రచారం అంటే డబ్బు తీసుకుని చేసే ప్రకటనే కదా అని ధీమాగా ఉండకండి. ఒక యాప్ పేరు చెప్పి, అందులో మొగ్గు ఫలానా చోట ఉందని మీరు వివరిస్తే, వినేవాడికి అది ఆహ్వానంలాగే వినపడుతుంది.

అందుకని నేను మూడు కట్టుబాట్లు పెట్టుకోమంటాను. యాప్‌ల పేర్లు, క్లబ్బుల పేర్లు, పందేల బరులు ఎక్కడ పెడుతున్నారన్న వివరాలు గాల్లోకి వెళ్లకూడదు. ఇంకా జరగని మ్యాచ్ మీద ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, లెక్క ఏదైనా అయిపోయిన మ్యాచ్ మీదే వేయాలి. ఇక మూడోది, కార్యక్రమంలో పాల్గొనే ఎవరూ కార్యక్రమం బయట శ్రోతలకు సలహాలు అమ్మకూడదు. ఈ మూడూ స్టేషన్‌తో రాసుకునే ఒప్పందంలోనే పెట్టించండి. మొదటి నెల గడిచాక ఎవరో ఒకరు వీటిని సడలించమని అడుగుతారు. కాగితం మీద ఉంటే కాదనడం తేలిక.

ఎక్కడ వినిపించాలి

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఈ ప్రాంతంలో పెద్దవాళ్ల చెవులు ఇప్పటికీ ఆ స్టేషన్‌వే. అక్కడ ప్రసంగం చదవాలన్నా, ధారావాహికంగా చేయాలన్నా స్క్రిప్టు ముందే ఇవ్వాలి, వాళ్లు చూసి ఒప్పుకోవాలి. ఈ విషయానికి అది అడ్డంకి కాదు, రక్ష. "సంభావ్యత: నిత్యజీవితంలో లెక్కలు" అన్న తరహా ప్రతిపాదనతో వెళ్లండి. జూదం అందులో ఒక ఉదాహరణల గని అని చెప్పండి. నిజం కూడా అదే.

కమ్యూనిటీ రేడియో అయితే స్వేచ్ఛ ఎక్కువ, దూరం తక్కువ. వంద వాట్ల ప్రసారంతో చుట్టుపక్కల పది కిలోమీటర్ల లోపే వినిపిస్తుంది. లైసెన్సు వ్యక్తులకు ఇవ్వరు. విద్యాసంస్థలకు, మూడేళ్లుగా పనిచేస్తున్న లాభాపేక్ష లేని సంస్థలకు ఇస్తారు. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారైనవి ఉండాలన్న నియమం ఉంది కాబట్టి, మీలాంటివాళ్లు తలుపు తడితే వాళ్లకూ అవసరమే. ప్రైవేటు ఎఫ్‌ఎంలో సమయం కొనాల్సి వస్తుంది, కొంటే స్పాన్సర్ కావాలి, అక్కడే ఈ కార్యక్రమానికి అసలు ప్రమాదం. దాని గురించి చివర్లో చెబుతాను. ఏ దారి దొరక్కపోతే పాడ్‌కాస్ట్‌గా మొదలుపెట్టండి, కానీ రేడియోకు రాసినట్టే రాయండి: కచ్చితంగా అరగంట, బొమ్మలు లేకుండా, వినేవాడు పని చేసుకుంటూ వింటున్నాడనుకుని.

ఇద్దరు కావాలి

ఒక్కరే నడిపితే పాఠం అవుతుంది. లెక్క తెలిసినవాళ్లు ఒకరు, అడిగేవాళ్లు ఒకరు ఉండాలి. అడిగే మనిషికి నిజంగానే జవాబు తెలియకూడదు. తెలిసి తెలియనట్టు నటిస్తే రెండో వారానికే శ్రోత పట్టేస్తాడు. లెక్క చెప్పే మనిషి కోసం నాగార్జున యూనివర్సిటీ స్టాటిస్టిక్స్ విభాగంలోనో, మీ ఊరి డిగ్రీ కాలేజీలోనో అడగండి. తరగతి గదిలో పేరున్నవాళ్ల కంటే, పక్కింటివాళ్లకు కరెంటు బిల్లు విడమరిచి చెప్పగలిగేవాళ్లు మేలు. అడిగేవాళ్లు "మాస్టారూ, ఆగండాగండి, మళ్లీ చెప్పండి" అనగలగాలి. ఆ మాట ప్రతి ఎపిసోడ్‌లో ఒకసారైనా రావాలి. రాలేదంటే మాస్టారు మరీ తేలికైనది చెబుతున్నారు, లేదా అడిగేవాళ్లు మొహమాటపడుతున్నారు.

యాస దిద్దకండి. గుంటూరు మనిషి గుంటూరు మాటే మాట్లాడాలి.

అంకెను చెవికి ఎక్కించడం

ఈ కార్యక్రమం నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

రేడియోలో శాతాలు నిలవవు. "2.7 శాతం" అన్నమాట చెవిలోంచి జారిపోతుంది. "వంద రూపాయలు పెడితే సగటున రెండు రూపాయల డెబ్బై పైసలు బల్లవాడికి" అంటే, ఆట నడిపేవాడికి అంటే, నిలుస్తుంది. (చక్రం తిప్పి ఆడే 37 గళ్ల రూలెట్‌లో లెక్క అదే. అమెరికాలో వాడే 38 గళ్ల చక్రంలో వందకు 5 రూపాయల 26 పైసలు.) ఒక ఎపిసోడ్‌లో కొత్త అంకెలు మూడుకు మించకూడదు. ప్రతి అంకెనూ రెండుసార్లు, రెండు రకాలుగా చెప్పాలి.

తిరునాళ్లలో కనిపించే గుండాట తీసుకోండి. బల్ల మీద ఆరు బొమ్మల గళ్లు, డబ్బాలో అవే బొమ్మలున్న మూడు పాచికలు. మీరు కాసిన గడి ఒక పాచిక మీద పడితే రూపాయికి రూపాయి లాభం, రెండింటి మీద పడితే రెండు రూపాయలు, మూడింటి మీదా పడితే మూడు. ఊరిని బట్టి పద్ధతి మారుతుంది, ఈ రకాన్నే పట్టుకుందాం. వినగానే న్యాయంగా అనిపిస్తుంది: ఆరు గళ్లు, మూడు పాచికలు, సగానికి సగం అవకాశం, పైగా జంట పడితే అదనం. దీన్ని మాస్టారు "216 రకాల్లో 75" అని మొదలుపెడితే ఆటో నడిపే అన్న స్టేషన్ మార్చేస్తాడు. ఇలా చెప్పించండి:

"ఆరు గళ్లలోనూ తలా ఒక రూపాయి మీరే పెట్టండి. మూడు పాచికలూ మూడు వేరే బొమ్మలు చూపించాయనుకోండి. మూడు గళ్లు గెలిచాయి, మూడు పోయాయి. సరికి సరి. రెండు పాచికలు ఒకే బొమ్మ చూపిస్తే? ఆ గడికి రెండు రూపాయలు, ఇంకో గడికి ఒకటి, వెరసి మూడు వచ్చాయి. పోయిన గళ్లు మాత్రం నాలుగు. రూపాయి బల్లవాడి జేబులోకి. మూడూ ఒకటే అయితే వచ్చింది మూడు, పోయింది ఐదు. రెండు రూపాయలు బల్లవాడికి. ఇప్పుడు చెప్పండి, మీకు మిగిలే సందర్భం ఏది?"

ఇక్కడ ఆపండి. నిజంగానే మూడు సెకన్లు ఏమీ మాట్లాడకండి. శ్రోత వెతుక్కుంటాడు, ఆ సందర్భం లేదని తనంతట తనే తెలుసుకుంటాడు. ఆ తరవాత అంకె చెప్పండి: వందకు 7 రూపాయల 87 పైసలు. అదనంగా ఇస్తున్నట్టు కనిపించిన ఆ జంట పాచికల్లోనే కోత దాగి ఉందన్న సంగతి ఒకసారి ఇలా విన్నవాడు మరిచిపోడు.

క్రికెట్‌కు ఇంత కూడా అక్కర్లేదు. రెండు జట్లూ సమానమనుకున్నప్పుడు "వందకు తొంభై" రేటు అంటే, ఎటు కాసినా గెలిస్తే తొంభై, ఓడితే వంద. వంద పందేల్లో 52 సార్లు సరిగ్గా చెప్పినా నష్టమే. 53 సార్లు చెబితే 4,770 వచ్చి 4,700 పోతాయి, డెబ్బై రూపాయలు మిగులుతాయి. అంటే మీ బుర్ర నాణెం కంటే వందకు మూడు సార్లు మెరుగ్గా పనిచేస్తే, సీజనంతా కష్టపడితే, ఆ డెబ్బై. బుకీ ఏ జట్టు గెలిచినా పట్టించుకోడు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఎపిసోడ్ కోతముక్క, అంటే లోపల-బయట. ఎందుకంటే ఇందులో ఆడేవాడి వైపు నిజమైన మొగ్గు ఉంది. మధ్యలో ఒక ముక్క తెరుస్తారు, ఆ తరవాత లోపలికొకటి బయటికొకటి వేసుకుంటూ పోతారు, తెరిచిన అంకె మళ్లీ ఎటు పడితే అటు కాసినవాళ్లు గెలుస్తారు. చూడ్డానికి సగం సగం. కానీ ముందు ముక్క ఏ వైపు పడుతుందో ఆ వైపు వందకు 51.5 సార్లు గెలుస్తుంది. కారణం చెప్పడం తేలిక: పేకలో మిగిలిన 51 ముక్కల్లో మూడు ఆ అంకెవి, కాబట్టి పదిహేడు ఆటల్లో ఒకటి మొదటి ముక్కతోనే ముగిసిపోతుంది. ఆ ఆటలో రెండో వైపుకు వంతే రాలేదు. రూపాయికి రూపాయి ఇచ్చే చోట ఎప్పుడూ ముందు పడే వైపే వంద చొప్పున వంద ఆటలు కాస్తే, సగటున 300 రూపాయల లాభం.

ఈ మాట చెప్పాలా వద్దా? చెప్పాలి. దాచిపెడితే, మొగ్గు అంటే ఏమిటో శ్రోతకు ఎప్పటికీ తెలియదు, మీరు చెప్పే మిగతా లెక్కల మీదా నమ్మకం కుదరదు. అయితే ఆ ఊపిరిలోనే రెండో సగమూ చెప్పాలి, మధ్యలో పాట కూడా వేయకూడదు. ఆట నడిపేవాడు గెలుపుల మీద పది శాతం కోత తీసుకుంటే, వంద ఆటలకు ఆ 300 లాభం 215 నష్టంగా మారిపోతుంది. ఐదు శాతమే తీస్తే 42 రూపాయలు మిగులుతాయి. కోతే లేదనుకున్నా, సగటు 300 ప్రతి ఒక్కరికీ రాదు: వంద ఆటలు ముగిసేసరికి దాదాపు ముగ్గురిలో ఒకరు, మొగ్గు తమ వైపు ఉండి కూడా, నష్టంతో లేస్తారు. ఇక పోలీసులు వస్తే పోయేది వేరే లెక్క, మన రాష్ట్రంలో అది చట్టవిరుద్ధమైన ఆట. మొగ్గు, కోత, ఊగిసలాట, చట్టం, ఈ నాలుగూ ఒకే ఆటలో చూపించగలగడం వల్లే ఈ ఎపిసోడ్‌ను మొదటి నెలలోనే పెట్టమంటున్నాను.

గోవా వెళ్లి చట్టబద్ధంగా ఆడతామనేవాళ్ల కోసం పన్ను లెక్క కూడా సిద్ధంగా పెట్టుకోండి. మన ఆదాయపు పన్ను చట్టం జూదం గెలుపుల మీద 30 శాతం పన్ను వేస్తుంది, ఓటముల్ని అందులోంచి తగ్గించుకోనివ్వదు. చట్టాన్ని అక్షరాలా పట్టుకుంటే, వంద చొప్పున 51 ఆటలు గెలిచి 49 ఓడినవాడి 5,100 రూపాయల గెలుపుల్లోంచి 1,530 పన్నుకు పోతాయి, 4,900 ఓటములకు పోయాయి, చివరికి 1,330 రూపాయల నష్టం. బల్ల దగ్గర గెలిచినవాడు ఇంటికొచ్చేసరికి ఓడిపోయాడు. ఈ ఒక్క లెక్క పాతిక ఉపన్యాసాల పెట్టు.

కథలు ఎక్కడ దొరుకుతాయి

లెక్క తరవాత కథ ఉండాలి, పది పన్నెండు నిమిషాలు. మొదటి కథ మన భారతంలోనే ఉంది. ధర్మరాజు జూదం అందరూ చెబుతారు, మీరు నలుడి కథ చెప్పండి. పుష్కరుడికి రాజ్యం ఓడిపోయి, బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా ఉన్న నలుడు దారిలో ఒక తాండ్ర చెట్టు దగ్గర రథం ఆపుతాడు. ఋతుపర్ణుడు చూపుతోనే కొమ్మల మీది ఆకులూ కాయలూ ఎన్నో చెప్పేశాడు. నలుడు ఆశ్చర్యపోయి ఊరుకోలేదు. చెట్టు పడగొట్టి, లెక్కపెట్టి, సరిచూసుకున్నాడు. అప్పుడే గుర్రాల విద్య అశ్వహృదయానికి బదులుగా పాచికల విద్య అక్షహృదయం తీసుకున్నాడు. ఆ రోజుల్లో పాచికలుగా వాడింది తాండ్ర కాయలనే అని శ్రోతకు గుర్తుచేయండి. అడవిలో బృహదశ్వుడు ఈ కథ ధర్మరాజుకే చెప్పి, అక్షహృదయం ఆయనకూ నేర్పించాడు. ఓడిన తరవాత లెక్క నేర్చుకోవడం అన్న ఆలోచన మనకు ఎంత పాతదో దీన్ని విన్నవాళ్లకు తెలుస్తుంది.

ఆ తరవాత బయటి కథలు. 1961లో ఎడ్వర్డ్ థార్ప్ అన్న గణిత అధ్యాపకుడు అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో, పడిపోయిన ముక్కల్ని గుర్తుంచుకుంటే బ్లాక్‌జాక్‌లో మొగ్గు ఆటగాడి వైపుకు తిరుగుతుందని చూపించాడు. లెక్కలకు ఐబీఎం 704 కంప్యూటర్ వాడాడు. 1956లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో జాన్ కెల్లీ ఇచ్చిన సూత్రం ఇంకో ఎపిసోడ్: మొగ్గు ఉన్నంత మాత్రాన సరిపోదు, చేతిలో ఉన్నదాంట్లో ఎంత పెట్టాలన్నది వేరే ప్రశ్న. రూపాయికి రూపాయి వచ్చే ఆటలో మొగ్గు మూడు శాతమైతే, పది వేలు ఉన్నవాడు 300కు మించి పెట్టకూడదు. "గట్టిగా తెలుసు, అంతా పెట్టేస్తా" అన్నవాడికి ఇంతకంటే సూటి జవాబు లేదు.

1992లో అమెరికాలోని వర్జీనియా లాటరీ టిక్కెట్లన్నీ కొనేద్దామని ఆస్ట్రేలియా నుంచి ఒక బృందం దిగింది. 44 అంకెల్లో ఆరు ఎంచుకునే లాటరీ అది. మొత్తం 70,59,052 రకాలు. టిక్కెట్టు ఒక డాలరు, పెద్ద బహుమతి 2.7 కోట్ల డాలర్లు. వాళ్లు సుమారు 50 లక్షల టిక్కెట్లే కొనగలిగారు, మిగతావి అందలేదు. అయినా గెలుపు టిక్కెట్టు వాళ్ల దగ్గరే తేలింది. ఈ కథను పాఠంగా కాక ప్రశ్నగా వదలండి: ఆ టిక్కెట్టు మిగిలిపోయిన 20 లక్షల్లో ఉండి ఉంటే? ఇంకొకరూ అదే అంకెలు కొని ఉంటే? వచ్చే వారానికి జవాబులు రాసి పంపమనండి.

నైపుణ్యానికీ మోసానికీ మధ్య గీత ఎక్కడన్నది శ్రోతలు బాగా వాదించుకునే విషయం. ముక్కలు లెక్కపెట్టేవాణ్ని కాసినో వెళ్లగొట్టడానికి వీల్లేదని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1982లో చెప్పింది. ముక్కల వెనకవైపు అచ్చులో ఉన్న తేడాను పట్టుకుని పోకర్ ఆటగాడు ఫిల్ ఐవీ గెలిచిన 77 లక్షల పౌండ్లు ఇవ్వక్కర్లేదని, అది మోసమేనని బ్రిటన్ సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. రెండూ ఒకే ఎపిసోడ్‌లో పెట్టి, తీర్పులు చెప్పకముందే శ్రోతల మాట అడగండి.

కథ కోసం ఎప్పుడూ కాసినో దాకా వెళ్లక్కర్లేదు. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లండి. ధర లేదని సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టిన రైతు కూడా ఒక పందెం కాసినట్టే. నెల నెలా అద్దె, అప్పు మీద వడ్డీ, రంగు తగ్గడం, ఇవన్నీ అక్కడ కోత. ధర ఎంత పెరిగితే ఆ కోత దాటుతుందో ఒక రైతుతో, ఒక కమీషన్ ఏజెంటుతో కలిసి గాల్లోనే లెక్క వేయండి. జూదం మాటెత్తని ఆ ఎపిసోడ్‌కే ఎక్కువ మంది చెవి ఒగ్గుతారని నేననుకుంటాను.

అతిథి

"నేను పేకాటలో ఇల్లు కట్టాను" అనేవాళ్లు దొరుకుతారు. పిలిచే ముందు, రికార్డింగు లేకుండా మూడు ప్రశ్నలు వేయండి. గెలుపోటముల లెక్కల పుస్తకం రాస్తున్నారా? ఓడిన రోజులు అందులో ఉన్నాయా? మీ ఆదాయంలో ఆట నుంచి వచ్చేదెంత, ఆట నేర్పడం నుంచి వచ్చేదెంత? నిజంగా మొగ్గు పట్టుకుని ఆడేవాళ్లు మొదటి ప్రశ్నకే ఉత్సాహపడతారు, ఎందుకంటే వాళ్ల పనిలో సగం ఆ పుస్తకమే. గెలిచిన రాత్రుల గురించే మాట్లాడేవాళ్లను మర్యాదగా పంపించేయండి. క్లాసులు, చిట్కాల గ్రూపులు అమ్ముకునేవాళ్లను అసలు పిలవొద్దు. వాళ్లకు మీ అరగంట ఉచిత ప్రకటన.

స్థానికంగా ఆడేవాళ్లను మాట్లాడించి చట్టం ముందు నిలబెట్టకండి. వాళ్లు గాల్లో చెప్పింది ఒప్పుకోలు కిందికి రావచ్చు. మానేసినవాళ్లు, గణితం చెప్పేవాళ్లు, వ్యసనం నుంచి బయటికి తెచ్చే వైద్యులు, బీమా లెక్కలు కట్టేవాళ్లు, పన్ను చూసే ఆడిటర్లు, ఇంతమంది ఉన్నారు.

ఫోన్లు, ఉత్తరాలు

నేరుగా ఫోన్లు తీసుకోవడం మొదటి మూడు నెలలు వద్దు. రాసి పంపిన ప్రశ్నలు, వాట్సాప్‌లో పంపిన గొంతులు ముందు విని ఎంచుకోండి. శ్రోతల ఉత్తరాలకు జవాబులు చెప్పే కార్యక్రమం ఈ ఊరికి కొత్తేమీ కాదు. ఆకాశవాణి విజయవాడ నుంచి ఉషశ్రీ గారు ధర్మసందేహాలు తీరుస్తుంటే ఊళ్లకు ఊళ్లు విన్నాయి. అడిగిన మనిషిని చిన్నబుచ్చకుండా, ప్రశ్నను తప్పించుకోకుండా జవాబివ్వడం అక్కడ నేర్చుకోదగింది.

తరవాత ఫోన్లు తెరిచినప్పుడు మొదటి కాల్ ఇదే: "అన్నా, ఇవాళ ఎవరు కొడతారు?" జవాబు ముందే సిద్ధం చేసుకోండి. "జరగబోయేది ఇక్కడ మాట్లాడం తమ్ముడూ. నిన్నటి మ్యాచ్ చెప్పు. నీకు ఏ రేటు ఇచ్చారు, ఆ రేటుకు వందలో ఎన్నిసార్లు గెలిస్తే నీకు సరిపోతుంది, లెక్క వేద్దాం." విసుగు వద్దు, వెటకారం వద్దు. ఆ కుర్రాడు లెక్క వేస్తే, వింటున్న వేలమంది కుర్రాళ్లు వేసినట్టే.

రెండో రకం కాల్‌కు ఇంకా శ్రద్ధ కావాలి. "మా అబ్బాయి పొలం కాగితాలు తాకట్టు పెట్టాడమ్మా" అని ఒక తల్లి ఫోన్ చేస్తుంది. ఆమెను గాల్లో ఎక్కువసేపు ఉంచకండి. "ఎంత పోయింది?" అని అడగనే అడగొద్దు, ఆమె దుఃఖం అంకెగా మారి మర్నాడు వీధిలో తిరుగుతుంది. పేరు, ఊరు చెప్పించకండి. "అమ్మా, మీరు లైన్లోనే ఉండండి, మా వాళ్లు మీతో మాట్లాడతారు" అని పక్కన ఉన్న మనిషికి ఇవ్వండి. ఆ మనిషి దగ్గర రెండు నంబర్లు ఉండాలి: మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416, ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే 1930. ఈ రెండూ ప్రతి ఎపిసోడ్‌లో నెమ్మదిగా, ఒక్కో అంకె విడివిడిగా చదవండి. చనిపోతానన్న మాట ఎవరైనా అంటే పాట వేసి, ప్రసారం పక్కన పెట్టి, ఆ మనిషితో మాట్లాడాలి. దీన్ని మొదటి ఎపిసోడ్‌కు ముందే ఒకసారి అందరూ కలిసి సాధన చేయండి.

రికార్డింగు

ఇంట్లో చేస్తుంటే డైనమిక్ మైకు కొనండి, చుట్టుపక్కల చప్పుడు తక్కువ పడుతుంది. విజయవాడలో రైలు కూత, హారన్లు తప్పవు. బట్టల బీరువా ఉన్న గది, కిటికీకి దుప్పటి, నోటికి జానెడు దూరంలో మైకు. ఎండాకాలం ఫ్యాను ఆపి కూర్చోవడం కష్టం కాబట్టి తెల్లవారుజామున చేసుకోండి. పాచికల చప్పుడు, పేకముక్కలు కలిపే చప్పుడు నిజంగానే రికార్డు చేసి వాడండి, లెక్క వినేటప్పుడు చెవికి ఆసరా. సినిమా పాట మొదటి సంగీతంగా పెట్టొద్దు, హక్కుల గొడవ. విజయవాడ ఘంటసాల సంగీత కళాశాల విద్యార్థులను అడిగి, తగిన డబ్బిచ్చి, పది సెకన్ల వీణో మృదంగమో కొత్తగా వాయింపించుకోండి.

డబ్బు ఎక్కడి నుంచి

బెట్టింగ్ యాప్‌లు, వాటి పేరుతోనే వచ్చే "వార్తల" సైట్లు, లోన్ యాప్‌లు, ఆస్తి తాకట్టు మీద గంటలో డబ్బిచ్చే సంస్థలు, జాతకం చూసి అదృష్ట సంఖ్య చెప్పేవాళ్లు: వీళ్లెవరి డబ్బూ తీసుకోవద్దు. ముందుగా వచ్చేది వీళ్లే, ఎక్కువ ఇస్తామనేదీ వీళ్లే. పుస్తకాల షాపులు, కాలేజీలు, సహకార బ్యాంకులు, ఆడిటర్ల కార్యాలయాలు అడగండి. తక్కువొస్తుంది. అందుకు తగ్గట్టే వారానికి ఒక్క అరగంటతో మొదలుపెట్టండి.

ప్రతి ఎపిసోడ్ లెక్కను చేతి రాతతో ఒక పుస్తకంలో ఉంచండి: ఆట నియమాలు, చెల్లింపు, వచ్చిన అంకె, ఎవరు సరిచూశారు. మాస్టారు వేసిన లెక్కను ఆయన కాక ఇంకొకరు రికార్డింగుకు ముందే మళ్లీ వేయాలి. అంకె తప్పుగా వెళ్లిందని శ్రోత రాస్తే, మరుసటి వారం మొదటి నిమిషంలోనే ఆ శ్రోతకు కృతజ్ఞత చెప్పి సరైన అంకె చదవండి. రికార్డింగులు, స్క్రిప్టులు, ఒప్పందాలు కలిపి ఒకే చోట దాచండి. ఫలానా రోజు ఫలానా ఆటను ప్రోత్సహించారని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, న్యాయవాది మొదట అడిగేది అవే.